సవతి పేరు రోజీ

మల్కాపురంలో పుష్పకుమారికి రెండు విషయాల్లో పేరుండేది. ఒకటి, ఆమె కుట్టిన జాకెట్టు మనిషి ఎంత లావైనా, ఎంత సన్నమైనా ఒంటికి అతికినట్టు ఉండేది. రెండోది ఆమె కుళ్ళు. చీరలు చూసో, నగలు చూసో కుళ్ళుకునే రకం కాదు. పక్కింటావిడ కొత్త గొలుసు వేసుకొస్తే చేత్తో పట్టుకుని చూసి, బాగుందమ్మా అని మనసారా అనేది. ఆమె కుళ్ళంతా ఒక్కదాని మీదే. దానికి ప్రాణం లేదు. పుష్పకుమారి కాపరానికి వచ్చేనాటికే అది ముక్కలై తుక్కులో కలిసిపోయింది కూడా. అయినా సరే, దాని పేరెత్తితే ఆమెకు అన్నం సహించేది కాదు. అది ఒక రైలింజను. పేరు రోజీ.

ఇంజను మీద కుళ్ళేమిటని వీధిలో ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వరా మరి. వాళ్ళ మొగుళ్ళు ఆదివారాలు ఇంట్లో ఉండేవాళ్ళు.

పుష్పకుమారి భర్త రత్నరాజు పోర్టు లోకో షెడ్డులో ఫిట్టరు. అతని తండ్రి కోనవలస చిన్నలైనులో డ్రైవరుగా చేశాడు. చిన్నలైను అంటే, కొండల దగ్గర మాంగనీసు గనుల నుంచి పెద్ద రైలు పట్టాల దాకా దొరల కంపెనీ ఒకటి వేసుకున్న బుల్లి రైలు. రాయి మోయడానికి వేశారు. సంత రోజుల్లో మాత్రం చివర ఒక పెట్టె తగిలించి జనాన్ని కూడా ఎక్కించుకునేవారు. గనులు ఎండిపోయాయి, దొరలు వెళ్ళిపోయారు, పట్టాలు పీకి అమ్మేశారు. రత్నరాజుకి అప్పటికి మూతి మీద మీసం రాలేదు. తండ్రి పక్కన నిలబడి రోజీ ఈల తాడు లాగిన కుర్రాడు, అది లేకుండా పోయిందన్న సంగతి చివరిదాకా ఒప్పుకోలేదు.

ఒప్పుకోకపోతే ఏం చేస్తాడు? వెతికేవాడు. ఆదివారం ఆరాధన కాగానే సైకిలు బస్సు మీదికెక్కించి కోనవలస వైపు పోయేవాడు. పట్టా ఉన్నచోట ఇప్పుడు గట్టు ఉంది, ఆ గట్టు వెంట ఊరూరా తిరిగేవాడు. చిన్నలైను సామాను ఎవరింట్లో ఏ రూపంలో ఉందో ఎవరికి తెలుసు. పట్టా ముక్కని ఒక ఊళ్ళో చర్చి గంటగా వేలాడదీశారు. వ్యాగను చక్రాలు చెరుకు గానుగలో తిరుగుతున్నాయి. గార్డు దీపం ఒక సారా దుకాణంలో దొరికింది. ఇవన్నీ బతిమాలో, బదులు ఏదో ఇచ్చో తెచ్చి పెరట్లో పెట్టేవాడు. రాని వాటిని కళ్ళారా చూసి వచ్చేవాడు. అన్నిటికంటే అతను కోరుకున్నవి రెండు. ఒకటి రోజీ పేరున్న ఇత్తడి పలక. రెండోది జనం ఎక్కిన ఆ ఒక్క పెట్టె. పెట్టె సంగతి మాత్రం కొన్నేళ్ళకి వదిలేశాడు. గట్టు వెంట తను చూడని గుమ్మం లేదు, అదింక పొయ్యిలోకి పోయుంటుంది అనేవాడు.

సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ఇక కబుర్లు. ఆ కబుర్లకి శ్రోత పుష్పకుమారి.

"రోజీ ఎక్కువ నీళ్ళు తాగీది కాదు, తెలుసా? ఎత్తు ఎక్కినప్పుడు కూడా గొణిగీది కాదు."

"అంటే నాను గొణుగుతానని కదా?" అనేది పుష్పకుమారి, పులుసు గరిటె గిన్నెకేసి కొట్టి.

"నిన్నెవులన్నారే?"

"మీరే. ఇప్పుడే."

అతను నవ్వేవాడు. ఆమెకు నవ్వొచ్చేది కాదు. తన పుట్టినరోజు ఏ నెలలోనో రత్నరాజుకి గుర్తుండదు. రోజీ బాయిలరు ఏ ఏడాది మార్చారో గుర్తుంటుంది. తను కొత్త చీర కట్టుకుంటే గడప దాటాక కూడా గమనించడు. రోజీకి ఆకుపచ్చ మీద ఎర్ర గీత వేసేవారని చెప్తుంటే మాత్రం ఆ కళ్ళు మెరిసిపోతాయి. ఆ మెరుపు చూసినప్పుడల్లా పుష్పకుమారికి కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టుండేది. ఆడదాని మీదైతే వీధిలోకి వెళ్ళి జుట్టు పట్టుకునేది. ఇంజనుకు జుట్టేది?

అవుటర్ హార్బరు కట్టిన కొత్తలో చర్చి ఆడవాళ్ళంతా కుటుంబాలతో రుషికొండ వెళ్దామనుకున్నారు. రత్నరాజు వస్తానన్నాడు. పులిహోర డేగిసా తనే మోస్తానన్నాడు. తీరా ఆ ఉదయం షెడ్డులో అతనితో పనిచేసే సుందర్ రాజ్ వచ్చి, ఫలానా ఊళ్ళో ఎవరింట్లోనో సిగ్నలు చెయ్యి తలుపుకి అడ్డగడియగా పెట్టుకున్నారట బావా అన్నాడు. అంతే. డేగిసా పుష్పకుమారి నెత్తి మీదికొచ్చింది. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళింది. అందరి మొగుళ్ళూ అలల్లో గెంతుతుంటే ఇసకలో కూర్చుని సముద్రాన్ని చూసింది. ఏమ్మా, ఆయన రాలేదా అని పాస్టరు గారి భార్య అడిగితే, డ్యూటీ అని అబద్ధం చెప్పింది. ఆ అబద్ధం ఆమెను చాలాకాలం మండించింది. మొగుడు వేరే ఆడదాని దగ్గరికెళ్తే దాచడానికి చెప్పే మాట అది.

ఎనభై ఒకటిలో కోనవలస చర్చిలో కోతల పండుగకి ఇద్దరూ వెళ్ళారు. అది రత్నరాజు పుట్టిన ఊరు, ఏటేటా వెళ్ళేవారు. కోతల పండుగంటే పంటలో మొదటి భాగం దేవుడి దగ్గరికి తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయ, కోడి, ఎవరికి ఏది ఉంటే అది. ఆరాధన, భోజనాలు అయ్యాక పందిట్లో వాటికి వేలం పాట. అక్కడ ధరకీ వస్తువుకీ సంబంధం ఉండదు. పంతం మీద బొప్పాయికాయను మేక ధరకు పాడేవాళ్ళున్నారు. పాడుకున్నవాడు కావాలంటే ఇంటికి తీసుకుపోవచ్చు, లేదంటే మళ్ళీ దేవుడికే ఇచ్చేయవచ్చు. అలా ఇస్తే దాన్ని ఇంకోసారి పాటకు పెడతారు. చర్చికి రాని ఊరివాళ్ళు కూడా ఆ సరదాకి వచ్చి నిలబడేవారు.

ఆ ఏడు అప్పలమ్మ అనే ముసలమ్మకి పంట రాలేదు. ఆమె భర్త ఒకప్పుడు రోజీకి బొగ్గు వేసినవాడు. ఇంజనును కోసేసే రోజున ఒక పలక ఊడదీసి తెచ్చి చూరులో దాచాడట. వట్టి చేతులతో ఎలా రావడమని అప్పలమ్మ దాన్ని తోమి గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టింది.

పాట చెప్పే సంఘపెద్ద జగ్గయ్య గుడ్డ విప్పి ఎత్తి చూపించాడు. ఇత్తడి పలక ఎండకి తళుక్కుమంది. దాని మీద పొడుచుకొచ్చిన ఇంగ్లీషు అక్షరాలు. రత్నరాజు మగవాళ్ళ చాప మీంచి లేచి నిలబడిపోయాడు. ఏళ్ళ తరబడి ఊళ్ళన్నీ తిరిగినవాడికి, పుట్టిన ఊళ్ళోనే, చర్చి వెనక వీధిలోనే ఉందని తెలియలేదు.

అతని వెనక ఆడవాళ్ళ చాప. చివర వరసలో, వంట పొయ్యిల దగ్గర పుష్పకుమారి. భర్త మొహం ఆమెకు కనబడలేదు కానీ వీపు చూస్తే చాలు.

రత్నరాజు పాడాడు. జగ్గయ్య పాట ఎత్తుకున్నాడు. అప్పుడు పుష్పకుమారి తనకే తెలియకుండా పక్కావిడ భుజం పొడిచి, ఇంకొంచెం ఎక్కువ చెప్పు అంది. పక్కావిడ గొంతెత్తి చెప్పింది. రత్నరాజు వెనక్కి తిరగకుండానే పెంచాడు. ఇటునుంచి మళ్ళీ పెరిగింది. బల్ల దగ్గర నిలబడ్డ జగ్గయ్యకి అంతా కనిపిస్తోంది. మొగుడూ పెళ్ళాలు ఒకరి మీద ఒకరు పాడుకుంటున్నారని తెలిసీ నోరు మెదపలేదు. పెరిగేది చర్చికే కదా. పైగా ఆయన జన్మలో ఇంత మంచి పాట రాలేదు.

ఆమె ఎందుకు పాడింది? పలక మీద ప్రేమా, పాడా. అది తన చేతికి రావాలి, అంతే. అతనికి కావాలంటే తన ఎదురుగా వచ్చి, తన మొహంలోకి చూసి అడగాలి. కొత్త కుట్టుమిషను కోసం దాచుకున్నదంతా అక్కడ పోసేసినా ఫరవాలేదనుకుంది.

చివరికి రత్నరాజు దగ్గర ఇంక లేకపోయింది. జగ్గయ్య మూడోసారి అనేసి, "పుష్పకుమారమ్మకే" అన్నాడు. అప్పుడు వెనక్కి తిరిగాడు రత్నరాజు. ఒక్క క్షణం తెల్లబోయి చూసి, పకపకా నవ్వేశాడు. "మనదే అన్నమాట" అంటూ చాపలు దాటుకుంటూ వచ్చి, పలక ఆమె చేతికి వచ్చీ రాకముందే తీసేసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని, బొటనవేలితో అక్షరాలు నిమురుతూ నిలబడ్డాడు. ఎందుకు పాడావని అడగలేదు. ఆమె వైపు చూడను కూడా లేదు.

ఆ నిమరడం చూశాక పుష్పకుమారి ఇంక ఆగలేదు. పలక అతని చేతుల్లోంచి లాక్కుని బల్ల దగ్గరికి నడిచింది.

"ఇది మళ్ళీ దేవుడికే ఇచ్చేత్తన్నానయ్యా. పాట పెట్టండి."

పందిట్లో అందరూ మెచ్చుకున్నారు. ఎంత భక్తి అన్నారు. జగ్గయ్య మాత్రం రత్నరాజు వైపు తిరిగి, "పాడతావేట్రా రత్నం?" అని మెల్లగా అడిగాడు. రత్నరాజు ఈసారి భార్య వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె కోరుకున్న చూపు కాదది. తల అడ్డంగా ఊపి, చాప మీద తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు. పలకను ఊళ్ళో బెల్లం వండే పైడయ్య పాడుకుని సంచిలో వేసుకుపోయాడు.

ఆ తర్వాత రత్నరాజు ఇంట్లోనే ఉన్నాడు. పోట్లాడలేదు, అలగలేదు. పెరట్లో సామాను మీద టార్పాలిను కప్పేశాడు. ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఇంటికొచ్చి రేడియో పెట్టుకునేవాడు. కుళాయి బాగుచేశాడు. పిల్లలకి లెక్కలు చెప్పాడు. చేపలు తెచ్చి తనే తోమాడు. వీధిలో ఆడవాళ్ళు, నీ సవతి పీడ విరగడైందమ్మా అన్నారు. పుష్పకుమారి కూడా మొదట్లో అలాగే అనుకుంది. రంగు రంగుల చీరలు కట్టుకుంది. ఆదివారాలు కోడి కూర వండింది.

కొన్నాళ్ళకి ఆమెకు తెలిసొచ్చింది. అన్నం ముందు మాటలు లేవు. ఉప్పు తక్కువైందనీ, పెద్దోడికి చెప్పులు కావాలనీ, అంతే. ఇన్నేళ్ళూ ఈ మనిషి తనతో గంటలు గంటలు మాట్లాడాడంటే అది రోజీ గురించే. కళ్ళు మెరిసింది రోజీ కోసమే అయినా, ఆ మెరుపు చూసింది తను. సవతిని వెళ్ళగొట్టేసరికి ఆమెతోపాటు తన వంతు కూడా వీధిలో పడిందని పుష్పకుమారికి అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇంజను లేకపోతే నాతో మాటే లేదా అని ఇంకా మండింది.

ఒకరోజు సుందర్ రాజ్ తన కూతురి గౌను కుట్టించడానికి వచ్చాడు.

"బావ ఇంట్లో కూడా ఇలాగే బుర్ర తినేత్తన్నాడా సెల్లీ? షెడ్డులో మమ్మల్ని నిలబడనివ్వట్లేదు. టీ తాగినంతసేపూ రోజీ కబుర్లే."

పుష్పకుమారి చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. "ఇప్పుడు కూడా సెప్తన్నాడా?"

"నిన్న కూడా సెప్పేడు. ఆ పలక ఎంత బరువుందో, ఎలాగుందో. సేతిలోకొచ్చి పోయిందని."

అతను వెళ్ళాక ఆమె మిషను ముందు కూర్చుని ఏడ్చింది. అయితే రత్నరాజు రోజీని వదల్లేదు. తనకి చెప్పడం ఒక్కటే మానేశాడు. షెడ్డులో బొగ్గు మసి కొట్టుకున్న సుందర్ రాజ్‌కి దక్కుతున్న కబుర్లు తనకి దక్కడం లేదు. ఇంతకాలం ఇంజను మీద కుళ్ళుకుంది, ఇప్పుడు సుందర్ రాజ్ మీద కుళ్ళుకోవాల్సొచ్చింది. ఇంతకంటే దిగజారడం ఏముంటుంది?

మర్నాడు పిల్లలు బడికి, భర్త డ్యూటీకి వెళ్ళగానే తాళం వేసి, పక్కింట్లో చెప్పి బస్సెక్కింది. కోనవలసలో పైడయ్య బెల్లం కాస్తున్నాడు.

"ఆ పలకా? అది మా అత్తకిచ్చేసేనమ్మా. కుంపటి కింద పెట్టుకుంటానంది. మందంగా ఉన్నాది కదా."

అత్తగారి ఊరు గట్టుకి చాలా దూరం, పొలాలకి అడ్డంపడి పోవాలి. పుష్పకుమారి చెప్పులు చేత్తో పట్టుకుని పొలం గట్లెంట నడిచింది. పైడయ్య అత్త పేరు గురువమ్మ. ఊరి చివర, తాటిచెట్ల కింద పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న చెక్క ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పలక నిజంగానే కుంపటి కింద ఉంది, మసి పట్టి నల్లగా.

"అది నీకెందుకు?" అంది గురువమ్మ.

పుష్పకుమారి చేతిలో చెప్పులు గుమ్మం దగ్గర పెట్టింది. సవతికి తనే పెళ్ళి మాటలు మాట్లాడ్డానికి వచ్చినట్టుంది. "మా ఆయనకి ఇష్టమండి. ఇది ఆళ్ళ నాన్న నడిపిన ఇంజనుది. దాని మీద పేణం పెట్టుకున్నాడు. నాను ఓర్వలేక పోగొట్టేసినాను."

ముసలమ్మ ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. "నాకూ సవితి ఉండీది. దాన్ని తిట్టని రోజు లేదు. దానికి జొరమొత్తే కసాయం పెట్టింది కూడా నానే. మా ముసలోడు పోయేక ఇద్దరం ఈ ఇంట్లోనే కూకుని ఆడినే తిట్టుకునేవోలం. అదీ పోయింది. ఇప్పుడు తిట్టడానికి తోడు లేదు."

పుష్పకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బదులుగా ఏం కావాలని అడిగింది. జాకెట్లు కుడతానని చెప్పింది. గురువమ్మ ట్రంకు పెట్టెలోంచి పువ్వుల గుడ్డ తీసింది. ఆమె జన్మలో రవిక తొడగలేదు, ఆ కాలం ఆడవాళ్ళు చాలామంది తొడిగేవారు కాదు. "సచ్చేలోగా ఓపాలి తొడుక్కుని సూడాల" అంది.

పుష్పకుమారి సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. జానలతో కొలత తీసుకుని, వెలుతురు కోసం కిటికీ పక్కన చెక్క బల్ల మీద కూర్చుంది. కుడుతుంటే ఎండ కళ్ళలో కొట్టి, చెక్క రెక్కను కాస్త కిందికి లాగింది. అది గాడిలో జారుతూ దిగింది. ఇంటి కిటికీలు పక్కకు మూసుకుంటాయి గానీ కిందికి దిగవు. తల ఎత్తి చూసింది. ఎదురుగా కూడా ఇలాంటి బల్లే, గోడ పొడుగునా. తలుపు ఒక మనిషి పట్టేంతే. పైన పొగచూరిన చెక్క మీద తెల్ల రంగు అక్షరాలు కొద్దిగా మిగిలాయి. స్త్రీలకు మాత్రమే అని ఉంది.

"ఈ ఇల్లు ఎక్కడిదండి?" అంది.

"చిన్నబండి పెట్టి. మా ముసలోడు కొన్నాడు. ఎడ్లు కట్టి పొలాల్లోంచి ఈడిపించుకొచ్చేడు. నవ్వనోడు లేడు."

రత్నరాజు రైలు మనిషి. పట్టా ఉన్న దారే వెతికాడు తప్ప, గట్టు దిగి పొలాల్లోకి అడుగు పెట్టలేదు. రైలు పెట్టె పొలాల్లో ఎందుకుంటుందని అతనికి తోచనే లేదు. పుష్పకుమారికి అది తలచుకుంటే గర్వం పొంగుకొచ్చింది. అతని కోసం సంతోషపడాల్సిన చోట, ఇది నాది, నాకు దొరికింది అనుకుంది. కిటికీ రెక్క ఎత్తింది, దింపింది, మళ్ళీ ఎత్తింది. రవిక పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుంది. తొడుక్కున్న గురువమ్మ తన చేతుల్ని తనే చూసుకుంటూ గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

రత్నరాజు డ్యూటీ దిగి వచ్చేసరికి పలక తోమి భోజనాల పీట మీద ఉంది. అతను చేతులు కడుక్కోకుండానే కూర్చుండిపోయాడు. అక్షరాల మీద వేలు పెట్టలేదు. భార్య వైపు చూశాడు.

"ఎల్లేవా? ఒక్కదానివే?"

"ఎల్లేను. ముసలమ్మకి రవిక కుట్టి తెచ్చేను. పెట్టిలో కూకుని కుట్టేను."

"ఏ పెట్టి?"

"మీ పెట్టే. రోజీ ఎనకాల తగిలించీవోరు కదా, అదే. ఆడోళ్ళ బల్ల మీద కూకున్నాను."

రత్నరాజు ముందుకు వంగాడు. తర్వాత ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు. కిటికీలున్నాయా? దిగుతున్నాయా? గార్డు దీపం కొక్కెం ఉందా, ఏ పక్కనుంది? ఆమె అన్నం వడ్డిస్తూ తీరిగ్గా, ఒక్కొక్కటే చెప్పింది. కొక్కేనికి ముసలమ్మ ఉల్లిపాయల జడ వేలాడదీసిందని చెప్పింది. కిటికీ రెక్క గాడిలో ఎలా జారుతుందో చేత్తో చూపించింది. అతను ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి వింటున్నాడు. వింటున్నకొద్దీ అతని మొహం ముడుచుకుపోయింది.

"ఇన్నేళ్ళు తిరిగేను నాను. కాళ్ళరిగేలా తిరిగేను. నువ్వు ఒక్కపాలి ఎల్లి, కూకుని, కిటికీ కూడా దింపేసి వచ్చేసేవా?" అన్నాడు. అందులో సంతోషం లేదు. పచ్చి ఓర్వలేనితనం.

ఆ మొహం పుష్పకుమారికి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ అద్దంలో తను చూసుకున్నది అదే. ఆమెకు కడుపు చల్లబడింది.

"ఏ ఊరే?" అన్నాడు రత్నరాజు. "పేరు సెప్పు. రేపు సెలవు పెట్టి ఎల్తాను."

పుష్పకుమారి అతని కంచంలో ఇంకాస్త పులుసు పోసింది.

"పేరు సెప్పను. నాతో వత్తే సూపిత్తాను."